కోటు ఎప్పుడు కొనాలి? మగవాళ్ళ కొత్త కలెక్షన్ల కథా కమామిషూ

నేను ఎమ్.ఎస్. చెయ్యడానికి అమెరికా వచ్చింది 2012 ఆగస్టులో. యూనివర్సిటీ ఇల్లినాయ్ రాష్ట్రంలో. ఇండియా నుంచి తెచ్చుకున్న స్వెట్టరూ, ఒక జాకెట్టూ చాలనుకుని డిసెంబరు దాకా ఎలాగో నెట్టుకొచ్చాను. జనవరిలో చలి ముదిరింది. అసిస్టెంట్‌షిప్ డబ్బులు చేతికొచ్చాక, ఫిబ్రవరి రెండో వారంలో రూమ్మేటుని వెంటబెట్టుకుని ఒక పెద్ద మాల్‌కి వెళ్ళాను. బయట మోకాలిలోతు మంచు. లోపల అద్దాల వెనక బొమ్మలకి నిక్కర్లు, లేత గులాబీరంగు పొట్టిచేతుల చొక్కాలు! ఓవర్‌కోటు కావాలని అడిగితే షాపు కుర్రాడు నాకేసి జాలిగా చూసి, "కోట్ల సీజన్ అయిపోయింది, అదిగో ఆ మూల ఏవో మిగిలాయి చూసుకోండి" అన్నాడు. మిగిలినవి రెండే. ఒకటి నాలాంటి వాళ్ళు ఇద్దరు పట్టేది, రెండోది నా భుజం కూడా దూరనిది. పెద్దదే కొన్నాను. ఆ చలికాలమంతా గుడారం మోసుకు తిరిగినట్టు తిరిగాను.

ప్రోగ్రాములు రాసుకు బతికేవాణ్ణి కాబట్టి, ఏదైనా అర్థంలేని పని కనిపిస్తే దాని వెనక ఎక్కడో ఒక లెక్క ఉండే ఉంటుందని నా నమ్మకం. మంచులో నిక్కర్లు అమ్మడం వెనక కూడా లెక్క ఉంది. అది తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. ఈలోపల చేతి చమురు కూడా బాగానే వదిలింది. నేను ఫ్యాషన్ పండితుణ్ణి కాను. నా బీరువాలో సగం కంపెనీలవాళ్ళు ఉచితంగా ఇచ్చిన టీ షర్టులే. కానీ కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు, మేనేజర్లయిన మిత్రులు కూడా "కోటు ఎప్పుడు కొనాలి, ఎక్కడ కొనాలి" అని అడుగుతూ ఉంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే మేలనిపించింది.

మన సీజన్లు, వీళ్ళ సీజన్లు

మన ఇళ్ళలో కూడా కొత్తబట్టలకి సీజన్లు ఉండేవి. సంక్రాంతి, ఉగాది, జూన్‌లో స్కూలు యూనిఫారాలు, దసరా. మా నాన్నగారు ప్రభుత్వ ఉద్యోగి. దసరాకి ఫెస్టివల్ అడ్వాన్స్ తీసుకుని, ఒకే తానులో నాకూ మా తమ్ముడికీ చొక్కా గుడ్డలు చింపించేవారు. టైలరు కొలతలు తీసుకుంటుంటే పక్కన నిలబడి ప్రతిసారీ ఒకే మాట: "ఎదిగే పిల్లాడు, కాస్త లూజుగా ఉంచు." ఇక ధరలు తగ్గే కాలం మనకి ఆషాఢం. పెళ్ళిళ్ళు ఉండవు, బేరాలు ఉండవు, కాబట్టి షాపులవాళ్ళు పాత సరుకు వదిలించుకుంటారు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే పడమటి దేశాల పద్ధతి సగం అర్థమైనట్టే.

ఇక్కడ బట్టల ఏడాదికి ముఖ్యంగా రెండు భాగాలు: స్ప్రింగ్-సమ్మర్, ఫాల్-వింటర్. ఇంగ్లండ్‌లో ఫాల్ అనరు, ఆటమ్ అంటారు. లేబుళ్ళవాళ్ళు వీటిని పొట్టిగా ఎస్.ఎస్. 26 అనీ, ఎఫ్.డబ్ల్యు. 26 అనీ రాస్తారు. మొదటిది 2026 ఎండాకాలం సరుకు, రెండోది 2026లో మొదలయ్యే చలికాలం సరుకు. ఇది మన సాఫ్ట్‌వేర్ రిలీజ్ నంబరు లాంటిదే. పెద్ద లేబుళ్ళు ఈ రెండింటి మధ్యలో ప్రీ-కలెక్షన్లని మరో రెండు విడతలు కూడా వదులుతాయి. షాపులో ఎక్కువకాలం పూర్తి ధరకి అమ్ముడుపోయేది నిజానికి ఈ మధ్య విడతల సరుకే.

ఏడాది ముందు మొదలయ్యే పని

మీరు సెప్టెంబరులో షాపులో చూసే ఉన్ని కోటు ప్రయాణం అంతకు ఏడాదికి పైనే మొదలై ఉంటుంది. మొదట నూలు, ఉన్ని మిల్లులవాళ్ళు తమ కొత్త రకాలు చూపిస్తారు. ఇటలీలో ఫ్లారెన్స్‌లో జరిగే పిట్టీ ఫిలాటీ అల్లిక నూలుకి పేరున్న సంత. గుడ్డకి మిలానో ఊనికా, పారిస్‌లో ప్రీమియర్ విజన్. డిజైనర్లు అక్కడ గుడ్డ ఎంచుకుని, నమూనాలు కుట్టించి, జనవరిలో లోకానికి చూపిస్తారు.

మగవాళ్ళ బట్టల ప్రదర్శనలు ఏడాదికి రెండుసార్లు, జనవరిలోనూ జూన్‌లోనూ. జనవరిలో చూపించేది ఆ ఏడాది చలికాలానికి, జూన్‌లో చూపించేది మరుసటి ఏడాది ఎండాకాలానికి. ముందు ఫ్లారెన్స్‌లో పిట్టీ ఊమో, ఆ తర్వాత మిలాన్, చివర పారిస్. పిట్టీ ఊమో 1972లో మొదలైంది. ఫోర్తెజ్జా ద బాస్సో అనే పాత కోటలో జరుగుతుంది. అది ర్యాంపు మీద నడిచే షో కన్నా వ్యాపారస్తుల తిరునాళ్ళ అంటే సరిగ్గా ఉంటుంది. లండన్ 2012లోనూ, న్యూయార్క్ 2015లోనూ మగవాళ్ళకి విడిగా వారోత్సవాలు మొదలుపెట్టాయి గానీ, మిలాన్, పారిస్‌ల ముందు అవి నిలదొక్కుకోలేదు.

షో అయ్యాక షాపులవాళ్ళ కొనుగోలుదార్లు షోరూముల్లో కూర్చుని ఆర్డర్లు ఇస్తారు. ఏ డిజైను ఎన్ని ముక్కలు, ఏ సైజులు ఎన్ని అన్నది అప్పుడే తేలిపోతుంది. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఫ్యాక్టరీల్లో కుట్టు. జులై నుంచి సెప్టెంబరు దాకా విడతలవారీగా షాపులకి చేరవేత. ఇప్పుడు నా ఫిబ్రవరి గొడవ అర్థమైందిగా? నేను మాల్‌లో అడుగుపెట్టేనాటికి ఆ చలికాలం కోట్లు షాపుకి వచ్చి ఆరు నెలలు దాటింది. ఎండాకాలం సరుకు కోసం స్థలం ఖాళీ చేసేశారు. షాపువాడికి సీజన్ అంటే బయట వాతావరణం కాదు, గోదాములో ఖాళీ.

ఈ ఆర్నెల్ల ఎడం తీసేద్దామని కొందరు ప్రయత్నించారు. 2016లో బర్బెరీ, రాల్ఫ్ లారెన్, టామీ హిల్‌ఫిగర్ లాంటివాళ్ళు షో అయిన వెంటనే ఆ బట్టలే అమ్మకానికి పెట్టారు. గుడ్డ కొనడం, కుట్టడం అంతా రహస్యంగా ముందే చెయ్యాలి, ఏది అమ్ముడుపోతుందో తెలియదు. పద్ధతి పెద్దగా పాకలేదు. న్యూయార్క్ వీధి కుర్రాళ్ళ లేబుల్ సుప్రీమ్ మాత్రం ఇంకో దారి పట్టింది: సీజన్ మొత్తాన్ని ఒకేసారి కాకుండా, వారం వారం గురువారం నాడు కొంచెం కొంచెంగా వదలడం. ఇప్పుడు చాలామంది ఆ డ్రాప్ పద్ధతే నడుపుతున్నారు. పెద్ద వెర్షన్ ఒకేసారి విడుదల చెయ్యకుండా ప్రతి వారం చిన్న చిన్న అప్‌డేట్లు పంపడం మనకేం కొత్త కాదు కదా!

ఎప్పుడు వస్తాయి, ఎప్పుడు తగ్గుతాయి

అమెరికా, కెనడాల్లో ఉన్నవాళ్ళకి నేను చెప్పే లెక్క ఇది.

జులై చివర, ఆగస్టు: చలికాలం సరుకు మొదటి విడత. సైజులన్నీ ఉంటాయి, పూర్తి ధర. పొట్టివాళ్ళూ, బాగా సన్నటివాళ్ళూ ఇప్పుడే కొనాలి. మన సైజులు షాపులవాళ్ళు తక్కువ తెప్పిస్తారు.

సెప్టెంబరు, అక్టోబరు: బరువైన కోట్లు, స్వెట్టర్లు. ఎంపిక బాగా ఉండేది ఇప్పుడే.

నవంబరు చివర, థాంక్స్‌గివింగ్ వారం: మొదటి పెద్ద తగ్గింపు. ధరకీ, సైజుకీ మధ్య రాజీ కుదిరే రోజులివి. నా కోట్లన్నీ ఇప్పుడు కొన్నవే.

క్రిస్మస్ తర్వాత నుంచి జనవరి మధ్య దాకా: బాగా తగ్గుతాయి. కానీ మీడియం, లార్జ్ ముందే అయిపోతాయి. "ఫైనల్ సేల్" అని ఉంటే వెనక్కి తీసుకోరు, జాగ్రత్త.

జనవరి చివర నుంచి మార్చి: ఎండాకాలం సరుకు వస్తుంది. మంచులో నిక్కర్లు!

మే చివర మెమోరియల్ డే నుంచి జులై 4 దాకా: ఎండాకాలం బట్టలకి తగ్గింపు. లినెన్ చొక్కాలు ఇండియా ప్రయాణానికి కొనుక్కోవాలంటే ఇదే అదను.

ఇంగ్లండ్‌లో పెద్ద తగ్గింపు క్రిస్మస్ మర్నాడు, బాక్సింగ్ డే నుంచి. ఫ్రాన్స్‌లో ఈ సేల్ తేదీలని చట్టమే నిర్ణయిస్తుంది. మామూలుగా చలికాలం సేల్ జనవరి రెండో బుధవారం, ఎండాకాలం సేల్ జూన్ చివరి బుధవారం మొదలవుతాయి. ఒక్కొక్కటీ నాలుగు వారాలు. పారిస్ ట్రిప్పు పెట్టుకునేవాళ్ళు ఆ తేదీలు చూసుకుని టిక్కెట్టు కొంటే ఖర్చు కలిసొస్తుంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి 1996లో మొదలైన దుబాయ్ షాపింగ్ ఫెస్టివల్ ఉండనే ఉంది. మలేషియా, సింగపూర్‌లలో చలికాలమే లేదు గాబట్టి తేలిక ఉన్ని, లినెన్ చాలు. కాకపోతే ఆఫీసు ఏసీకి ఒక పలచటి స్వెట్టరు తప్పదు. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల్లో ఉన్నవాళ్ళకి కాలాలు తలకిందులు. అమెరికా, యూరప్‌లలో జనవరి సేల్‌లో కొన్న కోటు వాళ్ళకి జూన్‌లో చలి మొదలయ్యే వేళకి సరిగ్గా పనికొస్తుంది. ఈ విషయంలో వాళ్ళు మనకన్నా అదృష్టవంతులు.

కలెక్షన్‌లో మూడు రకాలు

ఏ లేబుల్ కలెక్షన్ తీసుకున్నా అందులో మూడు పొరలుంటాయి. మొదటిది చూపులకి చేసేది: ర్యాంపు మీద, ఫొటోల్లో కనిపించే వింత బట్టలు. వీటిని చూసి నవ్వుకుని వదిలెయ్యకండి. ఆ ఏడాది రంగులు, కొలతలు ఎటు పోతున్నాయో వీటిలో తెలుస్తుంది. రెండోది ఆ సీజన్‌కి మాత్రమే వచ్చే రంగులూ, గళ్ళూ. ఇవి మళ్ళీ రావు, మిగిలితే సేల్‌కి పోతాయి. మూడోది ప్రతి ఏడాదీ ఉండే అసలు సరుకు: నేవీ బ్లేజరు, బూడిదరంగు ఉన్ని ప్యాంటు, తెల్ల ఆక్స్‌ఫర్డ్ చొక్కా. వీటికి తగ్గింపు అరుదు.

కాబట్టి నా సూత్రం ఇదీ. మూడో రకం అవసరమైనప్పుడు పూర్తి ధరకే కొనండి, పదేళ్ళు వాడండి. రెండో రకం సేల్‌లో కొనండి. మొదటి రకం చూసి ఆనందించండి.

లేబుళ్ళు: ఎవరి దారి వాళ్ళది

వందల లేబుళ్ళున్నాయి. నేను చూసినవాటిలో మనవాళ్ళకి పనికొచ్చేవి కొన్ని చెబుతాను.

అమెరికన్ పాతకాపులు: బ్రూక్స్ బ్రదర్స్ 1818 నాటిది. రాల్ఫ్ లారెన్ 1967లో టైలు అమ్ముతూ మొదలుపెట్టాడు. జె.క్రూ 1983లో క్యాటలాగుగా పుట్టింది. కోవిడ్ ఏడాది 2020లో జె.క్రూ, బ్రూక్స్ బ్రదర్స్ రెండూ దివాలా రక్షణ కోరాయి; రెండూ చేతులు మారి బతికాయి. టాడ్ స్నైడర్ తన పేరుతో లేబుల్ పెట్టింది 2011లో. ఇవన్నీ ఆఫీసుకీ, శనివారం పార్టీకీ రెంటికీ పనికొచ్చే బట్టలు.

సూట్లకి: 2000లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైన సూట్‌సప్లై. షాపులోనే టైలరు కూర్చుని సరిచేసి ఇస్తాడు. మన శరీరాలకి అది పెద్ద ఉపకారం. గళ్ళూ గీతలూ లేని నిరాడంబరమైన ఆఫీసు బట్టలకి 1997లో పుట్టిన థియరీ.

జపాన్: యూనిక్లో మొదటి షాపు 1984లో హిరోషిమాలో తెరిచారు. దీని అసలు కిటుకు, మంచి డిజైనర్ల చేత తక్కువ ధర బట్టలు చేయించడం. పారిస్ డిజైనర్ క్రిస్టోఫ్ లెమేర్ నడిపే యూనిక్లో యు శ్రేణి 2016లో వచ్చింది. లెమేర్ సొంత లేబుల్ కోటు ధర చూస్తే గుండె ఆగుతుంది. ఆ చూపునే యూనిక్లో యు శ్రేణిలో మనకి అందే ధరకి కొనుక్కోవచ్చు. ఇంకో జపాన్ లేబుల్ ఆరలీ 2015లో మొదలైంది. దాని గొప్పతనమంతా గుడ్డలో ఉంది, డిజైను కంటికి కనబడనే కనబడదు.

ఫ్రాన్స్, ఉత్తర యూరప్: 1987 నాటి ఏ.పి.సి. జీన్స్‌కి పేరు. ఆమి 2011లోనూ, ఆఫిసీన్ జెనెరాల్ 2012లోనూ వచ్చాయి. స్వీడన్‌లో అవర్ లెగసీ, డెన్మార్క్‌లో నోర్స్ ప్రాజెక్ట్స్. వానకీ చలికీ తట్టుకునే బట్టలు వాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య.

ఇటలీ: 1910లో ఉన్ని మిల్లుగా మొదలైన జెన్యా. ఇప్పటికీ గుడ్డ తనే నేసుకుంటుంది. 2025 జూన్‌లో తన 2026 ఎండాకాలం కలెక్షన్‌ని మిలాన్‌లో కాకుండా దుబాయ్ ఆపెరాలో చూపించింది. గల్ఫ్ డబ్బు ఎటు లాగుతోందో దీన్నిబట్టి చూసుకోవచ్చు.

బిగుతు నుంచి వదులుకి

ఇరవై అయిదేళ్ళలో మగవాళ్ళ బట్టల్లో వచ్చిన పెద్ద మార్పు రంగు కాదు, కొలత. 2000 నుంచి 2007 దాకా డియోర్ ఓమ్‌లో ఎడీ స్లిమాన్ చేసిన సన్నటి సూట్లు లోకమంతా పాకాయి. అవి తొడుక్కోవడానికే డిజైనర్ కార్ల్ లాగర్‌ఫెల్డ్ సుమారు 40 కిలోలు తగ్గాడు! 2008లో జె.క్రూ లడ్లో సూటుతో ఆ సన్నదనం ఆఫీసుల్లోకి వచ్చింది. నేను అమెరికాలో దిగేనాటికి కుర్రాళ్ళందరూ చర్మానికి అంటుకున్నట్టు ఉండే ప్యాంట్లలో ఉన్నారు. ఆ తర్వాత నెమ్మదిగా గాలి మళ్ళింది. 2022లో అదే జె.క్రూ "జెయింట్ ఫిట్" పేరుతో బాగా వదులు చినో ప్యాంటు తెచ్చింది. ఆ తర్వాతి సీజన్లలో వెడల్పు ప్యాంట్లు, మెత్తటి భుజాల కోట్లు మామూలైపోయాయి.

దీనివల్ల మనకి వచ్చే లాభం ఒకటుంది. మనవాళ్ళలో చాలామందికి కుర్చీ ఉద్యోగం పుణ్యమా అని నడుం దగ్గర కాస్త లావు, భుజాలు చిన్నవి. సూటుకి కోటు, ప్యాంటు కలిపి అమ్మేటప్పుడు ఛాతీకీ నడుముకీ ఆరంగుళాల తేడా అనుకుంటారు: 40 కోటుకి 34 ప్యాంటు. బిగుతు రకాల్లో ఆ తేడా ఏడు దాకా పోతుంది. మన లెక్క మూడో నాలుగో! కాబట్టి కోటూ ప్యాంటూ విడివిడిగా అమ్మే చోట కొనడం మేలు. ఇటలీ సైజు చూస్తే కంగారు పడకండి. వాళ్ళ 50 అంటే అమెరికా 40.

గుడ్డ చదవడం

అమెరికాలో ఏ పీచు ఎంత శాతమో చీటీ మీద రాసి తీరాలి. ధర చూసేముందు ఆ చీటీ చూడండి. ఓవర్‌కోటులో ఉన్ని 80 శాతానికి తగ్గితే నేను కొనను. సూటు మీద "సూపర్ 100", "సూపర్ 120" అని ఉంటే అది ఉన్ని వెంట్రుక ఎంత సన్నమో చెప్పే లెక్క. 100కి 18.75 మైక్రాన్లు, 120కి 17.75 మించకూడదు. నంబరు పెరిగేకొద్దీ మెత్తన, దాంతోపాటే త్వరగా అరుగుతుంది కూడా. రోజూ వాడకానికి 100 నుంచి 120 చాలు.

బరువు ఇంకా ముఖ్యం. మీటరు గుడ్డ 240 నుంచి 280 గ్రాములుంటే ఎండాకాలానికి, 280 నుంచి 340 దాకా ఏడాదిలో ఎక్కువ రోజులకి, ఆ పైన ఫ్లానెల్ వగైరా చలికి. ఇక కోటు ముందుభాగం లోపల ఏముందో వేళ్ళతో పట్టి చూడండి. పై గుడ్డ, లోపలి గుడ్డ కాక మధ్యలో మూడోది విడిగా జారుతున్నట్టు తగిలితే అది కుట్టిన కాన్వాసు. అంటుకుపోయి అట్టలా ఉంటే జిగురుతో అతికించింది. చవకగా అతికించినది కొన్ని డ్రైక్లీనింగులకి బుడగలు లేస్తుంది.

మన గుడ్డ ఎక్కడుంది?

ఎండాకాలం కలెక్షన్లు తిరగేస్తుంటే మన మాటలే ఎదురవుతాయి. "ఖాకీ" అంటే దుమ్ము రంగు. "సీర్‌సకర్" పాలూ పంచదారా అనే అర్థమున్న పారశీక మాట నుంచి వచ్చింది. "డంగరీ" బొంబాయి డోంగ్రీ పేరు. అన్నిటికన్నా మనకి దగ్గరది "మద్రాస్" గళ్ళ చొక్కా. కోస్తా ఆంధ్ర మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో చీరాల చుట్టుపక్కల ఊళ్ళలో మగ్గాల మీద నేసిన గళ్ళ బట్ట "రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్" పేరుతో పశ్చిమ ఆఫ్రికాకి ఎగుమతయ్యేది. నేసినవాళ్ళ ఊరి పేరు పోయి, ఓడ ఎక్కిన రేవు పేరు మిగిలింది.

ఈ మద్రాస్ గుడ్డకి అమెరికాలో ఒక తమాషా కథ ప్రచారంలో ఉంది. 1958లో విలియం జేకబ్సన్ అనే దిగుమతిదారు, తర్వాత లీలా హోటళ్ళు పెట్టిన కెప్టెన్ సి.పి. కృష్ణన్ నాయర్ దగ్గర గళ్ళ గుడ్డ కొని బ్రూక్స్ బ్రదర్స్‌కి అమ్మాడు. చన్నీళ్ళలో మెల్లగా ఉతకాలన్న హెచ్చరిక కొన్నవాళ్ళ దాకా చేరలేదు. యంత్రంలో వేసేసరికి రంగులన్నీ కలిసిపోయాయి, జనం గొడవ పెట్టారు. అప్పుడు వ్యాపారస్తులు ఏం చేశారనుకున్నారు? "రంగు దిగుతుందని గ్యారంటీ" అని ప్రకటన ఇచ్చి దాన్నే గొప్పగా అమ్మారు! లోపాన్నే ఫీచర్ అనడం మన పరిశ్రమ కనిపెట్టింది కాదన్నమాట. ఎలా ఉతకాలో బట్ట మీదే చెప్పాలన్న నియమం అమెరికాలో 1971లో గానీ రాలేదు.

2025 జూన్‌లో జరిగిన రెండు షోలు చూస్తే ఈ సంగతి ఇంకా పాతబడలేదని తెలుస్తుంది. మిలాన్‌లో ప్రాదా మన కొల్హాపురి చెప్పుల్లాంటివే మగవాళ్ళ కాళ్ళకి తొడిగి, వట్టి తోలు చెప్పులని చెప్పింది. కొల్హాపురికి 2019 నుంచే భౌగోళిక గుర్తింపు ఉంది. ఇండియాలో అభ్యంతరాలు లేచాక, ప్రేరణ అక్కడిదేనని కంపెనీ ఒప్పుకుంది. ఆ డిసెంబరులో మహారాష్ట్ర, కర్ణాటక చేతిపనివాళ్ళతో కలిసి చెప్పులు చేయిస్తామని ప్రకటించింది. అదే వారంలో పారిస్‌లో లూయీ వితాన్ ఇండియా ప్రేరణ అని పేరు పెట్టే చెప్పింది. స్టూడియో ముంబై బిజోయ్ జైన్ చేత వేదికని పెద్ద వైకుంఠపాళీ పటంలా చేయించింది. 2021లో ఢిల్లీలో మొదలైన కార్తీక్ రీసెర్చ్ కూడా ఆ నెలలోనే పారిస్‌లో షో చేసింది. చేనేతా చేతిపనీ ఎవరివో చెప్పి మరీ అమ్మే మగవాళ్ళ లేబుల్ అది.

పేరు చెప్పడం వల్ల వచ్చే తేడా ధరలో ఉంది. పోచంపల్లిలో దారాన్ని ముందే కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తారు; రంగుల అంచులు కాస్త చెదిరినట్టుండటం ఆ పని గుర్తు. అదే డిజైను మిల్లు గుడ్డ మీద అచ్చు వేస్తే వెనకవైపు వెలిసినట్టుంటుంది. నేసిన దానికి రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ఈసారి షాపులో "ఇకత్" అని చీటీ కనిపిస్తే చొక్కా తిరగేసి చూడండి. అచ్చు గుడ్డకి చేనేత ధర ఇవ్వకండి. ఇండియా వెళ్ళినప్పుడు పోచంపల్లి, మంగళగిరి, పుట్టపాక వెళ్ళి నేసినవాళ్ళ దగ్గరే గుడ్డ కొనుక్కుని, కొలతలకి కుట్టించుకుంటే, ఎస్.ఎస్. 26 ఏమిటి, మీ కలెక్షన్ మీదే.

చివరగా నా సూటు

నేను బయల్దేరేముందు, 2012 జూన్‌లో, నాన్నగారు పి.ఎఫ్. లోను డబ్బులోంచే కొంత తీసి గుంటూరులో నాకు సూటు కుట్టించారు. అప్పుడు కూడా టైలరుకి అదే మాట: "కాస్త లూజుగా ఉంచు." ఆ సూటుతో 2013లో కెరీర్ ఫెయిర్‌కి వెళ్తే మా సీనియర్ ఒకాయన "ఏరా, మీ బావగారి పెళ్ళికోటా?" అన్నాడు. చుట్టూ అందరూ బిగుతు సూట్లలో ఉన్నారు. ఆ రోజు ఏ కంపెనీవాళ్ళూ పిలవలేదు. తప్పు సూటుది కాదు, అడిగినవాటికి నాకు జవాబులు రాలేదు. అయినా దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టేసి మళ్ళీ తియ్యలేదు.

2024 వేసవిలో అమ్మా నాన్నగారూ వచ్చారు. కోట్లు సర్దుతూ ఆయన ఆ కవరు చూశారు. "ఇది బాగానే ఉందే, వేసుకోవట్లేదా?" అన్నారు. ఏదో గొణిగాను. ఆయన గుడ్డ అంచు వేళ్ళ మధ్య నలిపి చూసి మళ్ళీ కవరు వేసేశారు.

వాళ్ళు వెళ్ళాక దాన్ని మా వీధి చివర డ్రైక్లీనర్ దగ్గర ఆల్టరేషన్లు చేసే ఆవిడకి చూపించాను. ఆవిడ లోపలి కుట్టు తిరగేసి ఆశ్చర్యపోయింది. రెడీమేడ్ సూట్లలో లోపల గుడ్డ పెద్దగా వదలరు. ఇందులో రెండు వైపులా అంగుళంన్నర మడిచి కుట్టి ఉంది. నడుం వదులు చేసి, చేతులు కాస్త పొట్టి చేసి ఇచ్చింది. భుజాలు ముట్టుకోనక్కర్లేకపోయింది, కాలం అప్పటికే వాటి దగ్గరికి వచ్చేసింది.

కిందటేడు మా తమ్ముడి రిసెప్షన్‌కి గుంటూరులో అదే వేసుకున్నాను. నాన్నగారు దూరం నుంచే గుర్తుపట్టారు. దగ్గరికొచ్చి కాలరు సర్ది, "చెప్పానా, ఎదిగే పిల్లాడని" అన్నారు.

ఎదిగింది నడుమే అనుకోండి!